పేలాల డబ్బా కథ

(ఆదివారం ఉదయం డాలస్ తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

చరిత్ర గురించి మాట్లాడమంటే పాప్‌కార్న్ డబ్బా పట్టుకొచ్చాడేమిటి అనుకుంటున్నారేమో. నేను చరిత్రకారుణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కిందటేడు మా తెలుగు బడి పిల్లల కోసం సినిమా పండుగ పెట్టినప్పుడు, పేరు అచ్చు వేయించిన పాప్‌కార్న్ డబ్బాలు ఆర్డరు చేసే పని నా మీద పడింది. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు వల్ల వెయ్యి డబ్బాలు పాడయ్యాయి. ఆ బాధలో ఈ డబ్బా పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోయాను. ఈ ప్రసంగం అలా తయారైంది.

ముందు పేలాల సంగతి. తొలి ఏకాదశికి పేలాల పిండి తినని ఇల్లు మనలో తక్కువ. జొన్నలు వేయించి, దంచి, బెల్లం కలిపి పెట్టేవారు మా అమ్మమ్మగారు. మొక్కజొన్న పేలాలు మాత్రం అమెరికా ఖండాలవి. పెరూ దేశపు ఉత్తర తీరంలో తవ్వకాలలో దాదాపు 6,700 ఏళ్ళ నాటి మొక్కజొన్న పేలాల ఆనవాళ్ళు దొరికాయని 2012లో ప్రకటించారు. గింజ లోపల బరువులో సుమారు 14 శాతం తేమ ఉంటుంది. గట్టి పొట్టు లోపల ఆ తేమ ఆవిరై, వేడి 180 డిగ్రీల సెల్సియస్ దాకా వచ్చేసరికి పొట్టు పగిలి పువ్వులా విచ్చుకుంటుంది. మామూలు మొక్కజొన్నకి పొట్టు అంత గట్టిగా ఉండదు, అందుకే అది సరిగా పేలదు.

వీధి బండి మీద దీన్ని పెద్ద ఎత్తున అమ్మడానికి దారి చూపినవాడు చార్లెస్ క్రెటర్స్. ఇల్లినాయ్ రాష్ట్రంలో డెకేటర్ అనే ఊళ్ళో మిఠాయి దుకాణం నడిపేవాడు. వేరుశెనగలు వేయించే యంత్రం ఒకటి కొన్నాడు, అది నచ్చలేదు, తనే ఆవిరితో నడిచేలా మార్చుకున్నాడు. 1885లో షికాగో చేరి వ్యాపారం మొదలుపెట్టాడు. తరువాత అదే ఆవిరితో మొక్కజొన్నని నూనెలో, ఉప్పుతో కలిపి పేల్చే యంత్రం చేశాడు. అంతకుముందు వీధిలో అమ్మేవాళ్ళు నిప్పు మీద తీగ బుట్ట పట్టుకుని ఊపేవారు. కొన్ని మాడేవి, కొన్ని పేలేవి కావు. క్రెటర్స్ తన యంత్రాన్ని 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం ముందు నడిపి చూపించాడు. అదే ఏడు సెప్టెంబరులో అదే ఊళ్ళో సర్వమత సభలో వివేకానందుడు మాట్లాడాడు. మనకి షికాగో అనగానే ఆయనే గుర్తొస్తాడు, అది సహజమే. ఆ ఊళ్ళో ఆ ఏడాది ఇదీ జరిగిందని చెబుతున్నాను.

పేలాలు పేల్చడం ఒక ఎత్తు, కొనుక్కున్నవాడి చేతిలో పెట్టడం ఇంకో ఎత్తు. మా నరసరావుపేటలో ఇంటర్వెల్‌కి పల్లీలు కొంటే పాత పేపరు పొట్లం కట్టి ఇచ్చేవాడు. తిన్నాక పొట్లం విప్పి వార్త చదివితే సగంలో ఆగిపోయేది. అమెరికాలో కూడా కాగితం సంచులు ముందు చేతితోనే అంటించేవారు. చదునైన అడుగు ఉండి, నిలబడే సంచిని యంత్రం మీద చేయడం కనిపెట్టిన మనిషి మార్గరెట్ నైట్. మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో సంచుల కార్ఖానాలో పనిచేసేది. ఆమె యంత్రం తయారవుతుండగా చూసిన ఒకతను దాన్ని తన పేరు మీద పేటెంటుకి పెట్టుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. తన బొమ్మలు, నమూనాలు, సాక్షులు అన్నీ పట్టుకుని పోరాడి 1871లో పేటెంటు సాధించుకుంది. మా బడిలో ఆడపిల్లలకి ఈ కథ చెబితే, ఆ దొంగతనం చేసినతని పేరు ఏమిటని గట్టిగా అడిగారు. చార్లెస్ ఆనన్. పిల్లలు నోట్‌బుక్కులో రాసుకున్నారు కూడా.

ఇక డబ్బా దగ్గరికొద్దాం. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

రాబర్ట్ గేర్ స్కాట్లండులో ఎడిన్‌బరోలో 1839లో పుట్టాడు. పద్నాలుగేళ్ళ వయసులో, 1853లో అమెరికా వచ్చాడు. అంతర్యుద్ధంలో సైన్యంలో పనిచేసి, తిరిగొచ్చి న్యూయార్కులో కాగితం వ్యాపారం పెట్టాడు. అప్పట్లో అట్టపెట్టెలు లేక కాదు, ఉండేవి. కానీ అట్టని ఒకసారి మడత గీతలు పెట్టి, ఇంకోసారి కత్తిరించి, చేతితో అంటించాలి. అందుకే ఖరీదు ఎక్కువ, మందులకీ నగలకీ తప్ప వాడేవారు కారు. 1879లో గేర్ కార్ఖానాలో విత్తనాల సంచులు అచ్చవుతున్నాయి. సంచి మీద మడత గీత నొక్కడానికి పెట్టిన ఇనుప పట్టీ ఒకటి కాస్త పైకి జరిగింది. అది నొక్కాల్సిన చోట కోసేసింది. వేలకొద్దీ సంచులు పాడయ్యాయి.

ఎవరైనా ఏం చేస్తారు? ఆ పనివాణ్ణి తిడతారు. గేర్ తిట్టాడో లేదో గానీ, ఆ పాడైన సంచుల్ని చూస్తూ ఒక మాట అనుకున్నాడు. ఒకే అచ్చు మీద కొన్ని పట్టీలు ఎత్తుగా పెడితే కోస్తాయి, కొన్ని పొట్టిగా పెడితే మడత గీత వేస్తాయి, అప్పుడు రెండు పనులూ ఒక్క దెబ్బలో అయిపోతాయి కదా! అలా కోసిన అట్టని బల్లపరుపుగానే కట్టలు కట్టి పంపొచ్చు, కావలసిన చోట మడుచుకుంటే పెట్టె అవుతుంది. మా గరాజులో వెయ్యి డబ్బాలు రెండు పెట్టెల్లో సర్దుకుని వచ్చాయంటే ఆ పుణ్యమే. విప్పి నిలబెడితే గరాజులో కారు పెట్టే చోటు ఉండదు.

ఈరోజుకీ పెట్టెలు చేసేచోట ప్లైవుడ్ చెక్కలో ఎత్తూ పొట్టీ ఉక్కు పట్టీలు దిగగొట్టి దాన్ని డై అంటారు. డబ్బా ఆకారం మారితే కొత్త డై చేయించాలి. మీలో ఎవరైనా ఆర్డరు చేస్తే గమనించండి, వంద డబ్బాలైనా వెయ్యి డబ్బాలైనా డై ఖర్చూ, అచ్చు ప్లేట్ల ఖర్చూ, యంత్రం సిద్ధం చేసే కూలీ మారవు. అందుకే వంద అడిగితే ఒక్కోదాని ధర మండిపోతుంది. వాళ్ళ దగ్గర ముందే ఉన్న డై కొలతకి సర్దుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. మేమలాగే సర్దుకున్నాం. ఇంకో చిత్రం, డబ్బా పరిమాణాన్ని ఔన్సుల్లో చెబుతారు. అది పేలాల బరువు కాదు, లోపల పట్టే జాగా. 46 ఔన్సుల డబ్బా అనగానే మా కోశాధికారిగారు మూడు పౌండ్ల పేలాలు ఎవరు తింటారని కంగారుపడ్డారు.

గేర్ పెట్టెలకి గిరాకీ తెచ్చింది బిస్కట్లు. 1898లో ఏర్పడిన నేషనల్ బిస్కట్ కంపెనీ యునీడా అనే బిస్కట్లని పీపాలో కాకుండా విడివిడి అట్టపెట్టెలో అమ్మింది. అంతకుముందు కొట్టువాడు పీపాలోంచి గుప్పెడు తీసి ఇచ్చేవాడు, తేమా ఎలకలూ మామూలే. పేలాల విషయంలో అదే పని చేసింది క్రాకర్ జాక్. షికాగోలో జర్మనీ నుంచి వచ్చిన ర్యూకైమ్ అన్నదమ్ములు పాకం పట్టిన పేలాలూ వేరుశెనగలూ కలిపి చేసేవారు, ఇంచుమించు మన చిక్కీ లాగా అనుకోండి. 1896లో ఆ పేరు నమోదు చేయించారు. 1899లో మైనం పూసిన కాగితంతో మూసిన డబ్బా రావడంతో పాకం మెత్తబడకుండా దూరప్రాంతాలకి పోగలిగింది. 1912 నుంచి డబ్బాలో చిన్న బొమ్మ పెట్టడం మొదలైంది. ఆ తరువాత పిల్లలు పేలాల కోసం కొన్నారో బొమ్మ కోసం కొన్నారో నేను చెప్పక్కర్లేదు.

సినిమా హాళ్ళు మొదట్లో పేలాలని గుమ్మం తొక్కనివ్వలేదు. మూకీల కాలంలో మంచి హాళ్ళంటే రాజభవనాల్లా ఉండేవి, ఖరీదైన తివాచీలు. నూనె చేతులు, కరకర చప్పుళ్ళు వాళ్ళకి పరువు తక్కువ. 1927 తరువాత టాకీలు వచ్చాక అన్ని తరగతుల జనం రావడం పెరిగింది. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఐదు పది సెంట్లకి దొరికే సరదా పేలాలొక్కటే. వీధిలో బండివాళ్ళు హాలు ముందు నిలబడి అమ్మేవారు. కొందరు యజమానులు అద్దె తీసుకుని వాళ్ళని లోపలికి రానిచ్చారు. కాన్సాస్ సిటీలో జూలియా బ్రేడన్ అనే ఆవిడ ఒక హాలు యజమానిని ఒప్పించి లోపల దుకాణం పెట్టుకుని, 1931 నాటికి నాలుగు హాళ్ళకి విస్తరించింది.

మన డాలస్ సంగతి వినండి. 1930లలో ఇక్కడి ఒక సినిమా హాళ్ళ సంస్థ తన 80 హాళ్ళలో పాప్‌కార్న్ యంత్రాలు పెట్టి, గొప్పవైన ఐదు హాళ్ళలో మాత్రం పరువు పోతుందని పెట్టలేదట. రెండేళ్ళలో యంత్రాలున్న హాళ్ళు లాభాల్లోనూ, ఆ ఐదూ నష్టాల్లోనూ పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పంచదారకి రేషను వచ్చి మిఠాయిలు కరువవడంతో పేలాలకి ఇక ఎదురులేకపోయింది. 1945 నాటికి అమెరికాలో తినే పేలాల్లో సగానికి పైగా సినిమా హాళ్ళలోనే తినేవారు.

ఎర్రచారల డబ్బా మీకు తెలుసు. తెల్ల అట్ట మీద ఒక్క ఎర్ర సిరా చాలు, దూరం నుంచి కనబడుతుంది, చవక. మా కమిటీలో పెద్దాయన ఒకాయన అదే అన్నారు. "బాబూ, చారల డబ్బాలు దుకాణంలో రెడీగా దొరుకుతాయి. పేరు అచ్చు వేయించడం దేనికి, ఆ డబ్బుతో బడికి పుస్తకాలొస్తాయి." న్యాయమైన మాటే. నేనే పట్టుబట్టాను. ఈ దేశంలో మన పిల్లలకి ఇంగ్లీషు అక్షరం పెన్సిలు మీద, పాల డబ్బా మీద, చొక్కా మీద, ఎక్కడ చూసినా కనిపిస్తుంది. తెలుగు అక్షరం బడి పుస్తకంలో తప్ప కనబడదు. చేతిలో పట్టుకుని తినే వస్తువు మీద ఒక్కసారైనా ఉండాలనిపించింది. పేలాల డబ్బా మీద పెద్ద అక్షరాలతో "అమ్మ భాష", కింద "పిల్లల సినిమా పండుగ" అని వేయిద్దామన్నాను. సరేనన్నారు.

నేను వాక్యాలు టైపు చేసి పంపాను. ప్రెస్సు వేరే రాష్ట్రంలో ఉంది, వాళ్ళకి తెలుగు రాదు, అది వాళ్ళ తప్పు కాదు. నమూనా ఈమెయిలులో వచ్చింది. ఆఫీసులో రాత్రి డిప్లాయ్‌మెంట్ జరుగుతోంది. ఫోనులో తెరిచి, రంగు బాగుంది, తెలుగు ఉంది అనుకుని, ఒప్పుకుంటున్నానని బటను నొక్కేశాను.

డబ్బాలొచ్చాక బడిలో పెద్ద తరగతికి పాఠం చెప్పే అమ్మగారు ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఇదేమిటండీ, అమ్‌మ భాష?" అన్నారు. మకారం కింద వత్తు లేదు. మకారానికి పొల్లు, పక్కన ఇంకో మకారం. కింద "పిల్‌లల సినిమా పండుగ". వెయ్యి డబ్బాల మీదా అంతే.

నా వృత్తి ఇదే గనక కారణం నాకు తెలిసుండాల్సింది. యూనికోడులో తెలుగు 1991లో మొదటి కూర్పు నుంచే ఉంది. అందులో మ్మ అనేది ఒక అక్షరం కాదు. మకారం, పొల్లు, మళ్ళీ మకారం అని మూడు సంకేతాలు. వాటిని కలిపి వత్తుగా గీయడం ప్రోగ్రాము పని. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పటి నుంచీ మన కంప్యూటర్లలో అది జరుగుతూనే ఉంది గనక దాని గురించి ఆలోచించడం మానేశాం. బొమ్మలు గీసే ప్రోగ్రాములో భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే మూడు సంకేతాలూ విడివిడిగానే అచ్చవుతాయి. అక్షరాలని గీతల బొమ్మగా మార్చి పంపితే ఈ గొడవే లేదు. 1740లలో జర్మనీలో హాలే పట్నంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. సీసపు అచ్చులతో ఆ రోజుల్లో వాళ్ళు పడిన పాట్లు తలుచుకుంటే, ఫోనులో వేలితో పెద్దది చేసి చూడని నాకు సిగ్గేసింది.

మళ్ళీ వేయించడానికి వ్యవధి లేదు, డబ్బూ లేదు. పండుగ రోజున వాటిల్లోనే పేలాలు పోసి ఇచ్చాం. పిల్లలెవరూ ఏమీ అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. వాళ్ళకి తేడా తెలియలేదు. ఒక్క ఏడేళ్ళ పాప మాత్రం నా దగ్గరికి వచ్చి, డబ్బా చూపించి, "అంకుల్, వత్తు పడిపోయింది" అంది. పెన్ను అడిగి తీసుకుని పొల్లు కొట్టేసి, రెండో మకారాన్ని గీతలు పెట్టి చెరిపేసి, మొదటిదాని కింద వంకరగా మావత్తు రాసింది. పక్కనున్న పిల్లలు చూసి తామూ రాస్తామన్నారు. సినిమా మొదలయ్యేదాకా అదే పని. ఆ డబ్బా ఒకటి నా బల్ల మీద ఉంది.

ఈ ఏడాదికి ఆర్డరు మళ్ళీ నాకే ఇచ్చారు, ఎందుకిచ్చారో మరి. మిగిలిన ఒక్క విషయం, నూనె పీల్చకుండా కాగితానికి పూసే పీఫాస్ రసాయనాల గురించి కొందరు తల్లులు అడిగారు. అవి ఒంట్లో, నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయని ఆందోళన. మైక్రోవేవు పాప్‌కార్న్ సంచుల్లో ఇవి వాడేవారు. తిండి కాగితాలకి వాడే ఈ రకం పూతల అమ్మకం అమెరికాలో ఆగిపోయిందని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ప్రకటించింది. అయినా ప్రెస్సువాళ్ళని రాతపూర్వకంగా అడిగాను. లోపలి వైపు అచ్చు ఉండకూడదని, సిరా బయటివైపే ఉండాలని కూడా రాశాను.

నమూనా ఈసారి నాకు పంపవద్దని చెప్పాను. నేరుగా పెద్ద తరగతి అమ్మగారికి వెళ్తుంది. ఆవిడ కాగితం మీద అచ్చు తీయించుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసి, సరే అంటేనే యంత్రం తిరుగుతుంది. నిన్న రాత్రి ఆవిడ దగ్గర్నుంచి ఒక సవరణ వచ్చింది, "పండుగ" లో సున్నా మరీ చిన్నదిగా ఉందట.