వేమన దగ్గరికే మళ్ళీ మళ్ళీ: కడపలో బ్రౌన్ చదువు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనగానే తెలుగువారికి ముందు నిఘంటువు గుర్తుకొస్తుంది, తర్వాత తాళపత్రాలు. ఈ రెండింటికీ మూలమైన ఆయన చదువు గురించి మాత్రం తక్కువగా రాశారు. బ్రౌన్‌కు ఇష్టమైన కవులు ఉన్నారు. ఒకసారి అచ్చువేసిన పుస్తకాన్ని పదేళ్ల తర్వాత మళ్ళీ విప్పి, మొదటి పాదం నుంచి సరిచూసే అలవాటు ఉంది. ఆ కవుల్లో ముఖ్యుడు వేమన. ఆ చదువు ముదిరిన చోటు కడప.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతబోధకుడు, పలు భాషలు తెలిసినవాడు. కొడుకు 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువుకు మద్రాసు చేరి, సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820 ఆగస్టులో కలెక్టరుకు సహాయకుడిగా కడప వచ్చాడు. నిజాం 1800లో కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో కడప ఒకటి. కచేరీలో రైతులతో మాట్లాడాలన్నా, అర్జీ చదవాలన్నా తెలుగు రాక తప్పదు. మద్రాసులో పరీక్ష కోసం నేర్చిన భాష కడపలో పనికోసం నేర్చిన భాష అయింది.

వేమన పేరు మాత్రం ఆయనకు ఏ పండితుడూ చెప్పలేదు. ఫ్రెంచి మతబోధకుడు దుబాయి హిందువుల ఆచారాల మీద రాసిన పుస్తకంలో ఆ పేరు కనిపించింది. 1824 ప్రాంతంలో, మచిలీపట్నంలో ఉద్యోగం చేస్తూ, పద్యాలు వెతకడం మొదలుపెట్టాడు. పండితులకు ఇది వింతగా తోచి ఉండాలి. ఆటవెలదిలో వాడుకమాటతో చెప్పిన వేమనను అప్పటి విద్వాంసులు కవుల వరసలో కూర్చోబెట్టలేదు. బడిపిల్లలకూ బైరాగులకూ ఆయన పద్యాలు నోటికి వచ్చు, లక్షణగ్రంథాల్లో ఆయనకు చోటు లేదు. పండితుల అంచనాను పక్కనబెట్టి, జనం నోట నానే కవిని పట్టుకోవడం బ్రౌన్ చదువులోని మొదటి తెగువ.

ఈ కవిని చదవడం అనుకున్నంత తేలిక కాదు. వేమన తన చేత్తో రాసిన ప్రతి ఏదీ లేదు. ఒక ఊరి ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ఊరి ప్రతిలో ఉండదు. ఉన్నా రెండో పాదం మారిపోయి ఉంటుంది. మకుటం తగిలిస్తే చాలు, ఎవరు కట్టిన పద్యమైనా వేమన ఖాతాలో పడిపోతుంది. తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు మాటకూ మాటకూ మధ్య ఎడం వదలరు. రాయసగాడికి అర్థం కాని చోట తనకు తోచింది చెక్కేసేవాడు. కాబట్టి ఒక్క ప్రతితో పని జరగదు. దొరికినన్ని ప్రతులు తెప్పించాలి, పద్యాలను మొదటి అక్షరం క్రమంలో పేర్చాలి, పాఠాలు పక్కపక్కన పెట్టి చూడాలి. బ్రౌన్ చేసింది ఇదే. ఆ వడపోతలోంచి 1829లో మద్రాసు కళాశాల ముద్రణాలయం నుంచి 693 పద్యాలు ఆంగ్లానువాదంతో వెలువడ్డాయి.

ఈ పని ఒక్క చేతి మీద సాగేది కాదు. 1826లో మళ్ళీ కడప వచ్చిన బ్రౌన్ తోటతో కూడిన బంగళా కొని, అందులో పండితులనూ లేఖకులనూ కూర్చోబెట్టాడు. జీతాలు తన జేబులోంచే. అప్పులూ చేశాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ కార్యాలయ వ్యవహారాలు చూసేవాడు. అద్వైత బ్రహ్మయ్య శాస్త్రి, జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులు బ్రౌన్‌కు చేదోడయ్యారు. తెచ్చిన తాటాకు ప్రతికి కాగితం మీద నకలు తీయడం, నకళ్లను పోల్చడం, తప్పులు దిద్దడం, అర్థం రాయడం, చివర బ్రౌన్ చదివి అంచుల్లో సందేహాలు గీకడం: పని ఈ వరసలో నడిచింది. కడపలో దాన్ని జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. పరీక్షలు లేని ఆ కాలేజీలో విద్యార్థి కూడా బ్రౌనే అనాలి. ఛందస్సు తెలియకుండా పద్యం తప్పో ఒప్పో తేల్చలేమని గ్రహించి, 1827లోనే తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం అచ్చువేశాడు.

1834లో ఉద్యోగం చెడి లండను వెళ్లినా ఈ వ్యసనం వదలలేదు. అక్కడి ఇండియా హౌస్ గ్రంథాలయంలో మూలనపడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా బయటికి తీయించి, మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. తిరిగి వచ్చి 1838లో పారశీక అనువాదకుడయ్యాడు, తర్వాత పోస్ట్‌మాస్టర్ జనరల్ కూడా అయ్యాడు. మద్రాసులో దిగగానే చేసిన పనుల్లో ఒకటి వేమనను మళ్ళీ తెరవడం. 1839 కూర్పులో పద్యాలు 1164 అయ్యాయి. పెరిగిన సంఖ్య కంటే గమనించవలసింది ఆ ఓపిక. అచ్చయిన పుస్తకాన్ని పూర్తయినట్టు లెక్కవేయక, కొత్త ప్రతి దొరికినప్పుడల్లా పాత పాఠాన్ని అనుమానించడం ఆనాటి దొరల్లోనే కాదు, ఈనాటి సంపాదకుల్లోనూ అరుదు.

వేమన ఒక్కడితో ఆగి ఉంటే బ్రౌన్ అభిరుచి ఒంటికాలి మీద నిలిచేది. జనం కవిని ప్రేమించిన ఆయనే ప్రబంధాల్లోకెల్లా కఠినమైన వసుచరిత్రను 1844లో, మనుచరిత్రను 1851లో అచ్చుకెక్కించాడు. రెండింటికీ జూలూరి అప్పయ్య వ్యాఖ్యానం ఉంది. ఇక్కడా రాయలసీమ మట్టి తగులుతుంది. మనుచరిత్ర కర్త పెద్దనకు కృష్ణరాయలు ఇచ్చిన అగ్రహారం కోకటం కడప జిల్లాలోనిదే. వసుచరిత్ర కవి భట్టుమూర్తినీ ఈ జిల్లావాడిగానే చెప్పుకుంటారు. శ్లేషల కోట వంటి వసుచరిత్ర బ్రౌన్ హృదయానికి ఎంత దగ్గరైందో గానీ, వ్యాఖ్యానం లేకుండా కొత్త పాఠకుడు అందులో అడుగుపెట్టలేడని ఆయనకు తెలుసు. అందుకే మూలంతోపాటు వ్యాఖ్యానం అచ్చువేశాడు. వచనాన్నీ చిన్నచూపు చూడలేదు. అనంతపురం సంస్థానం చరిత్రను రాజుల యుద్ధములు పేరిట 1853లో తెచ్చాడు, తాతాచారి కథలు 1855లో వచ్చాయి. అప్పటి పండితులు వాడుక వచనాన్ని పుస్తకంగా ఎంచని రోజులవి.

నిఘంటువు ఈ చదువుకు పంట. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో, ఇంగ్లీషు–తెలుగు 1853లో, మిశ్రభాషా నిఘంటువు 1854లో వచ్చాయి. మొదటిదాన్ని విప్పితే మాటల పక్కన వేమన, మనుచరిత్ర, వసుచరిత్ర వంటి గ్రంథాల గుర్తులు కనిపిస్తాయి. కావ్యంలో ఏ చోట ఏ అర్థంలో వచ్చిందో చూపిస్తూనే, కచేరీలోనూ పొలంలోనూ వినబడే మాటలకూ చోటిచ్చాడు. చదివిన పుస్తకాల పట్టికగా కూడా ఆ నిఘంటువును చదువుకోవచ్చు. పండిత సంప్రదాయపు నిఘంటువుల కంటే అది నేటికీ ఎక్కువ పనికొస్తున్నదంటే కారణం ఈ రెండు రకాల భాషా ఒకే కప్పు కింద ఉండటమే.

1845లో తన సేకరణను మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించాడు. నేడు అది మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో భాగం. 1855లో ఇండియా వదిలి, కొన్నాళ్లు లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉండి, 1884 డిసెంబరు 12న లండనులోనే కన్నుమూశాడు.

ఆయనకూ తర్వాత పాఠకులు దొరికారు. నెల్లూరి బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, బ్రౌన్ ఉత్తరాలనూ కాగితాలనూ పట్టుదలగా చదివి వెలికితెచ్చాడు. వేమనను బ్రౌన్ చదివినట్టే బ్రౌన్‌ను బంగోరె చదివాడు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి, బ్రౌన్ బంగళా పాడుబడిన చోటే గ్రంథాలయం నిలపాలని ఊరూరా చందాలు అడిగాడు. 1987లో శంకుస్థాపన జరిగింది, 1995లో తలుపులు తెరుచుకున్నాయి. 2006లో ఆ సంస్థ యోగి వేమన విశ్వవిద్యాలయంలో కలిసింది. ఉద్యోగం, జీతం, ప్రభుత్వ పథకం ఏదీ లేకుండా చందాలతో మొదలైన ఆ పనికి ఇప్పుడు పరిశోధన కేంద్రం హోదా ఉంది. హనుమచ్ఛాస్త్రి 2014లో మరణించాడు.

సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడపలో ఎవరైనా వెళ్లి చదువుకోగల చోటు. పుస్తకాలతోపాటు తాళపత్ర గ్రంథాలనూ అక్కడ భద్రపరుస్తున్నారు. సీమ పల్లెల్లో పాత ఇళ్ల అటకల మీద తాటాకు కట్టలు ఇంకా ఉండే అవకాశం ఉంది. అలాంటివి ఉన్నవారు వాటిని చెదలకు వదిలేయకుండా, కనీసం ఒకసారి అక్కడి పండితులకు చూపించాలి.