పిడికి పట్టిన నలుపు

కత్తుల చరిత్ర అంటే మనకు యుద్ధాల చరిత్రే చెప్పారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్‌దని చెప్పే పండ్ల కత్తి ఉంది. రాణిది కాబట్టి దానికో పేరు, అద్దాల పెట్టె దక్కాయి. మరి మన కొడవళ్లకూ కత్తిపీటలకూ చరిత్ర లేదా?

ఉంది. అది చెక్కకు పట్టిన రంగులో ఉంది. పిళ్లకు వాడే నల్లతుమ్మ చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. చెమటా తడీ తగిలినప్పుడు అది ఇనుముతో కలిసి నల్లబడుతుంది. పసుపు మరక ఎండకు వెలిసిపోతుంది గానీ ఈ నలుపు అంత తేలిగ్గా వదలదు.

చెక్క ఎండి పగలకుండా ఆముదం రాస్తారు. అవిసె నూనెలా ఆముదం గాలికి ఆరి గట్టిపడదు. అందుకే మళ్లీ మళ్లీ రాయాలి. ఆ మళ్లీ మళ్లీ చేసే పని ఎవరిది? కోతల్లో కొడవలి పట్టినవాళ్లది, వంటింట్లో కూరలు తరిగినవాళ్లది.

ఆముదం ఒకప్పటి హైదరాబాదు రాజ్యంలో పెద్ద వ్యాపార పంట. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలల్లో విరివిగా పండేది. 1911 నుంచి 1948 దాకా ఏలిన ఉస్మాన్ అలీఖాన్ పేరు నగరంలోని టోకు బజారు ఉస్మాన్‌గంజ్‌కు మిగిలింది. టోకు వ్యాపారి చిట్టాలోకి బస్తాలు ఎక్కుతాయి. పిడికి రాసిన అరచెంచా నూనె ఏ చిట్టాలోకీ ఎక్కదు, రాసిన చెయ్యీ ఎక్కదు.

ఇప్పటి ప్లాస్టిక్ పిళ్లు నూనె అడగవు. ఆ మేరకు పని తగ్గడం మంచిదే. కానీ పాత కొడవలిని ఇనపసామాను వాడికి వేసేముందు దాని పిడిని ఒకసారి చూడండి. మన ఆడవాళ్ల శ్రమకు సంతకం ఆ నలుపే.