తెరచిన తలుపు

ఛాయాచిత్రాన్ని చూసినవాడు అక్కడితో ఆగక, ఇంకా చూద్దాం, ఇంకా తెలుసుకుందాం అని ముందుకు సాగాలంటే పటాలను ఎట్లా పేర్చాలి? వాటి పక్కన ఏమి వ్రాయాలి? కెమెరా చేతబట్టిన మిత్రులందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. కొత్తది అనుకుంటాం గాని, ఛాయాచిత్రకళ కళ్ళు తెరిచిన కొద్ది ఏళ్ళకే ఇదీ పుట్టింది. దీనితో మొదట కుస్తీ పట్టినవారిలో ఇంగ్లండులోని విల్ట్‌షైర్ సీమకు చెందిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ (1800–1877) ముఖ్యుడు. ఆయన వెలువరించిన 'ద పెన్సిల్ ఆఫ్ నేచర్'ను, అమ్మకానికి వచ్చిన తొలి ఛాయాచిత్ర గ్రంథంగా చరిత్రకారులు లెక్కిస్తారు.

పెన్సిల్ అనగానే మనకు బడిపిల్లల సీసపు కడ్డీ స్ఫురిస్తుంది. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి చిన్న తోక అని అర్థం. ఆనాటి ఇంగ్లీషులో చిత్రకారుడి సన్నని కుంచెకు కూడా అదే పేరు. కనుక 'ప్రకృతి తూలిక' అంటే సరిపోతుందని నా ఉద్దేశం. (పదాల పుట్టుక చూడనిదే ముందుకు నడవలేని పండిత చాదస్తం. మన్నించాలి.)

టాల్బట్‌కు బొమ్మలు గీయడం చేతకాదు. 1833లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కూర్చుని, దృశ్యాన్ని కాగితం మీద చూపే పరికరం సాయంతో ప్రయత్నించి కూడా విఫలుడయ్యాడు. ఆ బొమ్మ తనంతట తానే కాగితం మీద నిలిచిపోతే ఎంత బాగుండును అన్న ఊహ ఆయనకు అక్కడ కలిగిందట. 1835 ఆగస్టులో తన నివాసమైన లేకాక్ అబ్బీలో ఒక జాలీ కిటికీని తపాలాబిళ్ళంత కాగితం మీదికి దింపాడు. తరువాత దాని పక్కన ఆయన వ్రాసుకున్న మాట గమనించదగ్గది. భూతద్దంతో చూస్తే సుమారు 200 గాజుపలకలను లెక్కపెట్టవచ్చునని! అంటే బొమ్మను చూసి మెచ్చుకోమనలేదు, దగ్గరికి వచ్చి లెక్కపెట్టమన్నాడు. ఈ గుణమే పుస్తకమంతటా పరచుకుంది.

1839లో ఫ్రాన్సులో డాగ్యేర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. అది లోహఫలకం మీద ఒకే ఒక్క బొమ్మనిచ్చేది. 1841లో టాల్బట్ పేటెంటు పొందిన కాలోటైప్ పద్ధతిలో కాగితపు నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. పుస్తకం సాధ్యమైంది అందువల్లనే.

1844 జూన్ మొదలు 1846 ఏప్రిల్ వరకు, ఆరు సంచికలుగా, మొత్తం 24 పటాలతో అది వెలువడింది. మొదటి సంచికలో అయిదు, రెండవదానిలో ఏడు, ఆపైన మూడేసి. ప్రతి పటానికీ తోడుగా వ్యాఖ్య. ఇవి చెక్కిన అచ్చులు కావు, కేవలం వెలుతురు వ్రాసిన బొమ్మలు అని చెప్పే ప్రత్యేక చీటీని కూడా పుస్తకంలో చేర్చవలసి వచ్చింది. పాఠకులకు వస్తువే అంత కొత్త.

ఆ వ్యాఖ్యలలోనే ఉంది అసలు సంగతి. పారిస్ వీధి పటాన్ని తీసుకోండి. ఇది పారిస్ అని చెప్పి ఊరుకోలేదాయన. మధ్యాహ్నం ఏ వేళో, ఎండ ఎటు పడుతున్నదో, ఇప్పుడే నీళ్ళబండి వెళ్ళిన రోడ్డు మీద తడి చారలు ఎట్లా కనిపిస్తున్నాయో చెప్పాడు. కళ్ళు వెనక్కి వెళ్ళి ఆ చారలను వెదకవలసిందే. పింగాణీ పాత్రల పటం దగ్గర మరీ విచిత్రం. ఈ పాత్రలను దొంగ ఎత్తుకుపోతే, ఈ పటాన్ని న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలబెడితే ఏమవుతుంది అని అడిగాడు. గిన్నెల బొమ్మ అని తిప్పేయబోయిన చేయి ఆగిపోతుంది! పుస్తకాల అరల పటం పక్కనైతే పుస్తకాల ఊసే లేదు. కంటికి కనపడని కిరణాలతో చీకటిగదిలో పటం తీయవచ్చునా అన్న ఊహను నడిపించాడు.

మన శాబ్దికులు వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నారు. 'రాముడు' అని ఊరుకుంటే వినేవాడి మనసు నిలవదు. ఏమి చేశాడు అని మరో పదం కోసం వెదుకుతుంది. ఆ వెదుకులాటే ఆకాంక్ష. టాల్బట్ వ్యాఖ్యలు చేసే పని ఇదేనని నాకు తోస్తుంది. పటాన్ని ముగిసిన వాక్యంగా కాక, క్రియాపదం కోసం ఎదురుచూసే కర్తృపదంగా నిలబెడతాయి.

బడిలో నాకిది ప్రత్యక్షానుభవం. ఓరుగల్లు కీర్తితోరణం పటాన్ని పేరు చెప్పి చూపితే పిల్లలు ఒక్క చూపు చూసి పేజీ తిప్పేవారు. ఒక ఏడు పేరు చెప్పకుండా, పైనున్న హంసలు ఎటు చూస్తున్నాయర్రా అని అడిగాను. తలలన్నీ పుస్తకం మీదికి వాలాయి. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు, "తోరణం ఉంది గాని, గుడేది మాస్టారూ?" అన్నాడు. ఆ పటంలో కనపడని స్వయంభూ దేవాలయ చరిత్ర, కాకతీయుల పతనం, ఆ రోజు వాడి ప్రశ్న వెంటే వచ్చాయి.

పేర్పులో టాల్బట్ చేసిన మరో పని, చూపిన వస్తువు వద్దకే మళ్ళీ తీసుకురావడం. అయిదవ పటంలో కనిపించిన పెట్రోక్లస్ శిరోవిగ్రహం పదిహేడవ పటంలో మరో వైపు నుంచి కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డులోని క్వీన్స్ కాలేజీ మొదటి పటంలోనూ వస్తుంది, పదమూడవదానిలోనూ వస్తుంది. ఈ రెండవసారి వ్యాఖ్య అమోఘం. తీసినవాడే చాలాకాలం తరువాత తన పటంలో తాను గమనించని శాసనాలను, తేదీలను కనుగొనవచ్చునని, దూరాన గడియారపు పలక ఉంటే పటం తీసిన వేళ తెలియకుండానే అందులో నమోదై ఉంటుందని అంటాడు. చూసేవాడికి మొదటి పటం వైపు మళ్ళీ పేజీలు తిప్పాలనిపించదూ?

ఆ పుస్తకం మొదలైన 1844లోనే మీరట్ దగ్గరి సర్ధనలో దీన్‌దయాళ్ పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, చివరికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నడిపి 1905లో మరణించాడు. నేర్పులో టాల్బట్ ఆయన ముందు నిలవలేడు. ఫలక్‌నుమా లోపలి గదుల పటాలు చూసినవారెవరూ కాదనరు. అయితే ఆయన పటాల అడుగున తరచు కనిపించేవి ఒక సంఖ్య, ఒక పేరు. ఆల్బములు కట్టించుకునే దొరలకు, నవాబులకు అది చాలు, ఆ మేడలు వారికి తెలిసినవే. తెలియని మనం మాత్రం ఆ సౌందర్యం ముందు నమస్కరించి వెళ్ళిపోతున్నాం. సన్నిధిలో నాలుగు మాటలుంటే ఆ బల్లల చుట్టూ ఎవరు కూర్చున్నారో వెదికేవాళ్ళం గదా!

టాల్బట్ పుస్తకం వ్యాపారంగా నిలవలేదు. ప్రతి పటాన్నీ విడివిడిగా ఎండలో ఉంచి, కడిగి, చేత్తో అతికించాలి. ఇంగ్లండు ఎండ సంగతి తెలిసిందే. రెడింగ్ పట్టణంలో పని చూసిన నికొలాస్ హెన్నెమన్ ఎంత శ్రమించినా పటాలు కొన్ని వెలిసిపోసాగాయి, కొనేవారు తగ్గారు. ఆరవ సంచిక తరువాత ఏడవది రాలేదు. ఇరవైనాలుగవ పటం పళ్ళ బుట్టలు. దాని పక్క వ్యాఖ్యలో పళ్ళ ప్రసక్తి లేదు. నెగెటివ్‌ను చక్కగా శుద్ధి చేసుకుంటే దాని నుంచి తీయగల ప్రతులకు దాదాపు అంతమే లేదని వ్రాశాడు.