దాకలి చుట్టూ చేరిన ఊరు

చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు బంకలా పట్టుకుంటుంది. అలాంటి నేలలో అరక కట్టాలంటే ముందు కమ్మరి కొలిమి రాజుకోవాలి. అరిగిన కర్రును కాల్చి సాగదీయాలి, గుంటకకు పదును పెట్టాలి.

కొలిమి సామాను కొంచెమే: తిత్తులు, సుత్తి, సమ్మెట, పట్టకారు, దాకలి. ఇంగ్లీషు బొమ్మల్లో కనిపించే కొమ్ము దాకలి కాదిది, మొద్దులో దిగ్గొట్టిన ఇనుప దిమ్మె. కమ్మరి దాని ముందు కూర్చునే పనిచేసేవాడు. కూలి కళ్లంలో గింజల మేరగా అందేది.

అసలు సందడి బండి చక్రానికి పట్టా వేసే రోజుది. పట్టా చుట్టుకొలత వడ్రంగి చేసిన చక్రం కన్నా కాస్త తక్కువ. పిడకల మంటలో ఎర్రగా కాలితే సాగుతుంది. నలుగురూ పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తారు. బుస్సుమని ఆవిరి! పట్టా బిగిసి ఆకుల్ని కుదేస్తుంది. వ్యాకోచ సంకోచాల పాఠం బడిలో కన్నా ఇక్కడే బాగా తలకెక్కేదేమో.

తెలుగు కమ్మరి పేరు ఊరి పొలిమేర దాటింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. దక్షిణాది ఉక్కును ఇంగ్లండులో 'ఊట్జ్' అన్నారు. మైకేల్ ఫారడే దాని మీద ప్రయోగాలు చేశాడు.

అమెరికాలో కమ్మరి పనిని ఇష్టంతో చేపట్టినవాళ్లు 1973లో ఆర్టిస్ట్-బ్లాక్‌స్మిత్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం ట్రాక్టర్లు, వెల్డింగ్ షాపులు వచ్చాక కొలుములు తగ్గాయి. మీ ఊళ్లో పాత దాకలి కనిపిస్తే పాత ఇనుము కొట్టుకు వేయకండి.