జింక ముందు దీపం పెట్టిన లాయరు

రాత్రిపూట బైక్ లైటు పడితే కుందేలు పారిపోకుండా రోడ్డు మధ్యలో అలాగే నిలబడిపోతుంది, చూసే ఉంటారు. ఈ బలహీనతను వేటగాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు. దాన్ని కెమెరా కోసం వాడుకున్న మనిషి కథే ఈ ఎపిసోడ్.

పేరు జార్జ్ షిరాస్. అమెరికాలో లాయరు, 1859లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ వేట పిచ్చి. మిషిగన్‌లో వైట్‌ఫిష్ సరస్సు దగ్గర అతని క్యాంపు ఉండేది. ఓజిబ్వే తెగవాళ్ల దగ్గర ఒక పద్ధతి నేర్చుకున్నాడు. పడవ ముందు భాగంలో మంట పెట్టుకుని, చప్పుడు కాకుండా తెడ్డు వేస్తూ వెళ్తారు. ఒడ్డున ఉన్న జింక ఆ వెలుగునే చూస్తూ ఉండిపోతుంది. మంట వెనక చీకట్లో కూర్చున్న మనిషి దానికి కనపడడు. మనిషికి మాత్రం మెరిసే రెండు కళ్లు కనిపిస్తాయి. గురి వాటి మధ్యకే.

షిరాస్ తుపాకీ పక్కన పెట్టి ఆ చోట కెమెరా పెట్టాడు. మంట బదులు కిరోసిన్ దీపం. బాగా దగ్గరికి వెళ్లాక మెగ్నీషియం పొడి భగ్గుమనేది. మన ఫోన్ ఫ్లాష్‌తో పోల్చకండి, అది దాదాపు మందుగుండే! తర్వాత ఇంకో ఎత్తు వేశాడు. ఎరకి దారం కట్టి, రెండో కొస కెమెరాకి తగిలించాడు. జంతువు ఎరను లాగితే దాని ఫొటో అదే తీసుకున్నట్టు. ఇవాళ నల్లమలలో పులుల లెక్క కోసం పెట్టే కెమెరాలకి ఇది తాత వరస.

1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అతని ఫొటోలు 74 వేసింది. పత్రికని బొమ్మల పుస్తకం చేసేస్తున్నారని బోర్డులో ఇద్దరు రాజీనామా చేశారు.

ఫొటోలు అద్భుతం, కాదనను. కానీ జింకకి ప్రాణం దక్కినా ఆ పేలుడు తప్పలేదు కదా! అందుకే నాకు మన దగ్గరి జిమ్ కార్బెట్ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. ఆయన పులులని సినిమా కెమెరాతో తీయాలనుకున్నాడు. గిర్రుమనే ఆ చప్పుడు చెవిన పడితే పులి మాయం. అందుకని లోయలో పారే సన్నటి వాగుకి అక్కడక్కడా చిన్న కట్టలు వేశాడు. నీళ్లు వాటి మీంచి దూకుతూ గలగలమంటే కెమెరా చప్పుడు అందులో కలిసిపోయేది. నెలల తరబడి అక్కడే కాచుకుని కూర్చున్నాడు. చివరికి ఏడు పులులు ఆ కెమెరా ముందుకి వచ్చాయి. ఈ సంగతి 1944లో వచ్చిన 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్' చివర్లో ఆయనే రాశాడు. నరభక్షకుల కథలు అయిపోయాయని అక్కడ పుస్తకం మూసేయకండి.