ఇంటి వైఫై రూటర్ ఎంపిక

ఇంటికి వచ్చే ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్‌ను కంప్యూటర్, ఫోన్లు, టీవీలన్నిటికీ పంచే పరికరం వైఫై రూటర్. ఫైబర్ కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆపరేటర్ బిగించే ఓఎన్‌టీ పెట్టెలోనే చాలావరకు వైఫై కూడా ఉంటుంది. అది సరిపోనప్పుడే వేరే రూటర్ కొనాలి. కేబుల్ ఎటునుంచి వస్తే అటు మూలన, టీవీ వెనకో ఇనుప బీరువా పక్కనో పెట్టెను తగిలించడం మన ఇళ్లలో మామూలు. ముందు దాన్ని ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు మార్పించి చూడాలి. కొన్ని ఇళ్లలో అంతటితోనే ఇబ్బంది తీరిపోతుంది.

1997లో వచ్చిన తొలి ఐఈఈఈ 802.11 ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లు. ఆ తర్వాతి తరాలకు వైఫై 4, 5, 6 అన్న సులువైన పేర్లను వైఫై అలయన్స్ 2018లో ప్రకటించింది. వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. కంప్యూటర్‌లోని వైఫై కార్డు పాతదైతే కొత్త తరం రూటర్ తెచ్చినా దానికి ఆ వేగం అందదు.

వైఫై సిగ్నల్ ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది. కానీ అపార్టుమెంట్లలో పక్క ఫ్లాట్ల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే పోటీపడతాయి. ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగమూ ఎక్కువే. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు అడ్డొస్తే మాత్రం త్వరగా నీరసిస్తుంది. అందుకే రెండు బ్యాండ్లూ ఉన్న రూటరే తీసుకోవాలి. మేడ మీద గదులుంటే యాంటెన్నాల సంఖ్య చూసి మోసపోకుండా, పై అంతస్తుకు కేబుల్ లాగి అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టుకోవడం నయం.

కొనేవారు ఎక్కువగా దెబ్బతినేది అట్ట మీది అంకె దగ్గర. ఏసీ1200 అంటే ఒక బ్యాండులో 300, మరోదానిలో 867 మెగాబిట్ల లెక్కను కలిపి పైకి సవరించిన మొత్తం. ఫోనుకో ల్యాప్‌టాప్‌కో అంత వేగం ఎన్నడూ రాదు. పైగా ఈ తరగతి రూటర్లలో కొన్నిటిలో బయటి నెట్ కేబుల్ తగిలించే వాన్ పోర్టు 100 మెగాబిట్లదే. అలాంటిదానికి 300 మెగాబిట్ల ప్లాన్ తగిలిస్తే చేతికొచ్చేది 95 లోపే. వివరాల పట్టికలో 10/100 అని ఉంటే వదిలేయాలి. 10/100/1000 అని ఉన్నదే గిగాబిట్ పోర్టు.

కదలని డెస్క్‌టాప్‌కు వైఫై కంటే లాన్ కేబులే మేలు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. అయితే లోపలి ఎనిమిది తీగలూ కనెక్టర్‌లో సరిగా కూర్చోవాలి. నాలుగే క్రింప్ చేస్తే వేగం 100 దగ్గరే ఆగిపోతుంది. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 100/100 అని కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఆ కనెక్టర్‌నే.

సొంత రూటర్ పెట్టేముందు ఓఎన్‌టీని రూటర్ పని ఆపేసే బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చమని, కనెక్షన్ పీపీపీఓఈ అయితే దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇమ్మని ఆపరేటర్‌ను అడగాలి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 భద్రత ఉన్న మోడల్‌ను, కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నదాన్ని ఎంచుకోవాలి. ఆ ఏడాదే బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ మాల్‌వేర్ కనీసం 5 లక్షల రూటర్లు, నిల్వ పరికరాలకు సోకింది. కరెంటు కోతలున్న ఊళ్లలో మినీ యూపీఎస్ కూడా అవసరమే. కొనేటప్పుడు రూటర్ అడాప్టర్ మీది వోల్టులు దానితో సరిపోవాలి, యూపీఎస్ ఇచ్చే ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఓఎన్‌టీ వేరుగా ఉంటే దానికీ బ్యాకప్ ఇవ్వాలి. అది ఆరిపోతే రూటర్ వెలుగుతున్నా నెట్ రాదు.