వాన్‌స్టెడ్ మేడ - మన బందరు బట్ట

లండన్‌కు ఈశాన్యంగా, వాన్‌స్టెడ్ అనే చోట ఒకప్పుడు ఇంగ్లండులోకెల్లా గొప్ప మేడలలో ఒకటి ఉండేది. నేడక్కడ గోల్ఫ్ మైదానంలో ఒక పల్లం మిగిలినది. మలయా రబ్బరు తోటలకు వచ్చినవారి మనవలమైన మనకు ఆ మేడతో ఏమి పని అని పిల్లలు అడుగవచ్చును. పని ఉన్నది.

1673 ప్రాంతంలో ఆ ఎస్టేటును కొన్నవాడు సర్ జోసయా చైల్డ్. నౌకాదళానికి సరుకులు సరఫరా చేసి పైకి వచ్చి, ఈస్టిండియా కంపెనీలో పెద్ద వాటాదారుడై, దానికి గవర్నరు కూడ అయినాడు. ఆ కంపెనీ 1611లోనే మన మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టినది. మన సాలెలు నేసి, అద్దకంవారు రంగులద్దిన బట్టలు ఓడలెక్కి లండన్ చేరేవి. వాటిపై మోజు ఎంత పెరిగినదంటే, అక్కడి నేతగాండ్ర గోలకు తలవంచి పార్లమెంటు 1700లోను, 1721లోను అద్దకపు బట్టలపై నిషేధ చట్టాలు చేయవలసి వచ్చినది! చైల్డ్ సంపదంతా మన బట్టలదే అనుట అతిశయోక్తి. సూరతు, బెంగాలు సరుకులూ ఉన్నవి గదా. అయినా మన పాలు లేదని ఎవరనగలరు?

ఆయన కొడుకు రిచర్డ్ 1715 ప్రాంతంలో కోలెన్ కాంబెల్ అనే వాస్తుశిల్పిచేత, 260 అడుగుల పొడవున, ఆరు స్తంభాల ముఖమంటపంతో కొత్త మేడ కట్టించినాడు. ఆ తరువాతి మేడలెన్నో దానిని చూచి కట్టినవే.

1805లో ఆస్తి కాథరిన్ అనే చిన్నదానికి వచ్చినది. తరువాత నాలుగవ విలియం రాజైన డ్యూక్ అడిగినా కాదని, ఆమె 1812లో విలియం పోల్ వెల్లెస్లీని పెండ్లాడినది. ఇతని పెదతండ్రి రిచర్డ్ వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా ఉండగానే, 1800లో, నిజాం మన దత్తమండలాలను కంపెనీకి వదలుకొన్నాడు. పెదతండ్రి సీమలు సంపాదించగా ఇతడు ఇల్లు గుల్ల చేసినాడు. అప్పులవారికోసం 1822లో సామానుల వేలం 32 రోజులు సాగినది. తరువాత మేడనే పదివేల పౌండ్లకు రాయికి రాయి విడదీసుకొనేవారికి అమ్మివేసినారు. 1825లో కాథరిన్ కన్నుమూసినది. పిల్లలనైనా న్యాయస్థానం ఆ తండ్రికి అప్పగించలేదు.

మా బడి రోజులలో ఇంగ్లండు రాజుల పేర్లు, ప్రభువుల పేర్లు వల్లె వేసినాము. ఆ బట్ట నేసినవారి మాట ఏ పాఠంలోను రాలేదు. ఇప్పుడు సాయంత్రపు తెలుగు తరగతిలో మేము చెప్పుచున్నాము.

తోట 1882లో ప్రజలకు తెరిచినారు. 1884లో కాలిన కృత్రిమ గుహ శిథిలం చెరువు ఒడ్డున ఉన్నది. లండన్‌లో చదువుకొను మన పిల్లలు ఒక ఆదివారం పోయి చూడవచ్చును.